వేలంపాటలో స్వభావోక్తి

అలంకారశాస్త్రంతో పరిచయమున్న విద్యార్థికి స్వభావోక్తి, అతిశయోక్తి అనే రెండు అలంకారాలు కొత్తవి కావు. ఒక వస్తువు జాతి గుణ క్రియాదులను ఉన్నవి ఉన్నట్లుగా, కన్నులకు కట్టినట్లుగా వర్ణిస్తే అది స్వభావోక్తి. ఉన్నదానికంటె ఎక్కువ చేసి చెబితే అది అతిశయోక్తి. కావ్యంలో ఈ రెండింటికీ స్థానమున్నది. ఒక నగరంలోని మేడలు చంద్రమండలాన్ని తాకుతున్నవని కవి వర్ణిస్తే పాఠకుడు కొలబద్ద పట్టుకొని బయలుదేరడు. ఆ ఊహకు ఆనందిస్తాడు. అయితే కావ్యరచనతో ఏ సంబంధమూ లేని సామాన్యులు కూడా నేడు ఒక విధమైన వర్ణన రాయవలసి వస్తున్నది. అంతర్జాలంలో ఒక వస్తువును అమ్మకానికి పెట్టేటప్పుడు రాసే ప్రకటనయే ఆ వర్ణన. దానిని వాడుకలో లిస్టింగ్ అంటున్నారు. ఈ ప్రకటనకు, అందులోనూ వేలంపాటకు పెట్టిన వస్తువు ప్రకటనకు, తగిన అలంకారం స్వభావోక్తి ఒక్కటే అని నా అభిప్రాయం. నీతి దృష్టితో మాత్రమే ఈ మాట అనటం లేదు. మంచి ధర రాబట్టటానికి కూడా అదే సరైన మార్గమని నా నమ్మకం.

మన పల్లెల్లో పశువుల సంతను చూసినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఎద్దును కొనదలచిన రైతు అమ్మేవాని మాటలను ఒక చెవితో విని రెండవ చెవితో వదిలివేస్తాడు. నోరు తెరిపించి పళ్ళు చూసి వయస్సు లెక్కగడతాడు. మూపురం మీద చేయి వేస్తాడు. సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి కాళ్ళ తీరు గమనిస్తాడు. ఆ తరువాతనే బేరానికి దిగుతాడు. అక్కడ అమ్మేవాడు ఎంత పొగిడినా నష్టం లేదు. కొనేవాని చేయి, కన్ను సత్యాన్ని కనిపెడతాయి. అంతర్జాలంలో ఆ చేయి లేదు, ఆ కన్ను లేదు. కొనేవాడు వందల మైళ్ళ దూరంలో ఒక చిన్న తెర ముందు కూర్చొని ఉంటాడు. వస్తువును తాకలేడు, తిప్పి చూడలేడు, బరువు తూచలేడు. కనుక అమ్మేవాని మాటలే కొనేవానికి చేతులు కావాలి, కళ్ళు కావాలి. ఆ బాధ్యతను గుర్తించి రాసినదే మంచి ప్రకటన.

ఈ విధమైన వ్యాపారం ఎలా ఆరంభమైనదో చూస్తే ఒక చిత్రమైన సంగతి తెలుస్తుంది. 1995 సెప్టెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పియర్ ఒమిడ్యార్ అనే యువకుడు ఆక్షన్‌వెబ్ అనే పేరుతో ఒక వేలం వేదికను ప్రారంభించాడు. తరువాతి కాలంలో ఈబే అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందినది అదే. అందులో మొట్టమొదట అమ్ముడైన వస్తువు పనిచేయని లేజర్ పాయింటర్. అది చెడిపోయినదని ఒమిడ్యార్ దాచలేదు. అయినా అది 14 డాలర్ల 83 సెంట్లకు అమ్ముడుపోయింది. చెడిపోయిన సంగతి తెలిసే కొన్నారా అని ఆయన పాటదారుని అడిగితే, చెడిపోయిన లేజర్ పాయింటర్లను సేకరించటమే తన అలవాటని అతడు బదులిచ్చాడట. దీనిని కేవలం వినోదం కోసం చెప్పుకొని వదిలివేయరాదు. లోపాన్ని దాచి అమ్మి ఉంటే ఆ వస్తువు కోరుకొన్నవానికి అది చేరేదే కాదు. మంచి వస్తువనుకొని కొన్న మరొకనితో తగాదా మిగిలేది. ఉన్నది ఉన్నట్లు చెప్పినందువల్లనే సరైన వస్తువు సరైన మనిషిని చేరింది.

అర్థశాస్త్రం కూడా ఈ విషయాన్నే మరొక విధంగా చెప్పింది. జార్జి అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల విపణిని ఉదాహరణగా తీసుకొని ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. కారులోని లోపాలు అమ్మేవానికి తెలుసు, కొనేవానికి తెలియవు. మంచి కారేదో, చెడ్డ కారేదో గుర్తించలేని కొనుగోలుదారు అనుమానంతో అన్నింటికీ తక్కువ ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధర గిట్టక మంచి కార్ల యజమానులు విపణి నుండి తప్పుకొంటారు. చివరకు చెడ్డ కార్లే మిగులుతాయి. సమాచారంలోని ఈ అసమానతను గూర్చిన కృషికే 2001లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. ఆయన సిద్ధాంతాన్ని మన మాటల్లో చెప్పుకోవాలంటే, వివరం లేని చోట అనుమానం ధర నిర్ణయిస్తుంది. మంచి వస్తువు గలవానికి ఇంతకు మించిన అన్యాయం లేదు.

దీనికి దూరదేశాల ఉదాహరణలు వెదకనక్కరలేదు. తిరుమల కొండయే మనకు గొప్ప పాఠశాల. శ్రీవారికి మొక్కు చెల్లించుకొనే భక్తులు కల్యాణకట్టలో తలనీలాలు సమర్పిస్తారు. భక్తునికి అది తన అహంకారాన్ని స్వామి పాదాల ముందు విడిచిపెట్టటం. సమర్పణ జరిగిన తరువాత ఆ తలనీలాలు దేవస్థానం ఆస్తి. వాటిని సద్వినియోగం చేయవలసిన బాధ్యత దేవస్థానానిది. 2010 దశకంలో తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని కేంద్రప్రభుత్వ సంస్థయైన ఎం.ఎస్.టి.సి. ద్వారా అంతర్జాలంలో వేలం వేసింది. ఆ వేలం ప్రకటనల్లో పొగడ్త ఒక్కటి కూడా కనిపించదు. కనిపించేది వర్గీకరణ. 31 అంగుళాలు, అంతకు మించిన పొడవు గలవి మొదటి రకం. 16 నుండి 30 అంగుళాల వరకు రెండవ రకం. 10 నుండి 15 వరకు మూడవ రకం. 5 నుండి 9 వరకు నాలుగవ రకం. 5 అంగుళాలలోపువి ఐదవ రకం. తెల్లవెంట్రుకలు ప్రత్యేకంగా మరొక రకం.

ఈ వర్గీకరణ మహిమ ధరలను చూస్తే అర్థమవుతుంది. ఆ దశకంలో జరిగిన వేలాల్లో మొదటి రకానికి కిలో ఒక్కింటికి సుమారు 22 వేల రూపాయలు, రెండవ రకానికి సుమారు 17 వేలు, మూడవ రకానికి సుమారు 2,800, నాలుగవ రకానికి సుమారు 1,200, ఐదవ రకానికి 24 రూపాయలు ధరలుగా ప్రకటించిన సందర్భాలున్నవి. తెల్లవెంట్రుకల ధర 5 వేలకు పైమాటే. రెండవ రకంలో అతి పొట్టిదానికీ, మూడవ రకంలో అతి పొడవైనదానికీ తేడా ఒక్క అంగుళం. ధరలో తేడా ఆరింతలు. మొదటి రకానికీ చివరి రకానికీ మధ్యనున్న అంతరం దాదాపు తొమ్మిది వందల రెట్లు. తెల్లవెంట్రుక నల్లవెంట్రుకకంటె తక్కువదని మనమనుకొంటాము. కాని అది మూడవ రకం నల్లవెంట్రుకలకంటె ఎక్కువ ధర పలికింది. వస్తువు విలువను మన ఊహతో కాక, కొనేవాని అవసరంతో కొలవాలన్న సత్యం ఇక్కడ తేటతెల్లమవుతున్నది. ఇవన్నీ ఒకే రాశిగా పోసి "శ్రేష్ఠమైన తలనీలాలు" అని గంభీరమైన విశేషణం తగిలించి వేలం వేసి ఉంటే ఏమయ్యేది? ప్రతి పాటదారుడూ ఆ రాశిలో పొట్టివే ఎక్కువగా ఉంటాయని శంకించి ఆ మేరకే పాట పాడేవాడు. ఒక కొలబద్ద చేసిన పనిని వంద విశేషణాలు చేయలేవు.

దేవస్థానం వేలాల్లోనే మరొక అంశం నన్ను మిక్కిలి ఆకర్షించింది. భక్తులు కానుకలుగా సమర్పించిన గడియారాలను, సెల్‌ఫోన్లను కూడా దేవస్థానం అంతర్జాలంలో వేలం వేసిన సందర్భాలున్నవి. ఆ ప్రకటనల్లో వస్తువులను తయారుచేసిన సంస్థల పేర్లతోపాటు అవి కొత్తవా, ఉపయోగించినవా, పాక్షికంగా దెబ్బతిన్నవా అన్న సంగతి కూడా పేర్కొన్నారు. ఎంతటి పుణ్యక్షేత్రం నుండి వచ్చిన వస్తువైనా దెబ్బతిన్నదానిని దెబ్బతిన్నదనే చెప్పారు. స్వామి సన్నిధి నుండి వచ్చినదన్న ఒక్క మాటతో లోపాలను కప్పిపుచ్చే ప్రయత్నం చేయలేదు.

శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం సంగతి కూడా ఇటువంటిదే. స్మగ్లర్ల నుండి స్వాధీనం చేసుకొన్న దుంగలను అటవీశాఖ వేలం వేస్తుంది. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 4,160 టన్నుల ఎర్రచందనాన్ని విదేశీయులు కూడా పాల్గొనే విధంగా అంతర్జాలంలో వేలానికి పెట్టినప్పుడు దుంగలను ఏ, బి, సి అనే తరగతులుగా విభజించి లాట్లుగా చూపారు. అదే కొండపై పెరిగిన రెండు చెట్ల మధ్య కూడా విలువలో ఎంతో భేదముంటుంది. అలలవలె తిరిగిన చార గల చేవ దుంగకు వచ్చే ధర సాదా దుంగకు రాదు. ఆ భేదాన్ని ముందుగా గుర్తించి కాగితంపై పెట్టకపోతే, ఆ లాభం ప్రభుత్వ ఖజానాకు కాక నేర్పరియైన వర్తకునికి పోతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపించవచ్చు. "దేవస్థానానికీ, ప్రభుత్వానికీ పేరున్నది, లోపం చెప్పినా చెల్లుతుంది. చిన్నవాడు తన వస్తువులోని లోపాన్ని తానే చాటుకొంటే ధర పడిపోదా?" అన్నది ఆ ప్రశ్న. ఇది తోసిపుచ్చదగినది కాదు. లోపం చెబితే ధర కొంత తగ్గే మాట నిజమే. కాని చెప్పకపోతే తగ్గదనుకోవటం భ్రమ. లోపాల ప్రసక్తి లేని ప్రకటనను చూసిన కొనుగోలుదారు లోపాలు లేవని అనుకోడు, దాచారని అనుకొంటాడు. ఒక చిన్న మరకను మనమే చూపినప్పుడు, "ఇంత చిన్నదానిని చెప్పినవాడు పెద్దదానిని దాచడు" అనే నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం మరక వల్ల తగ్గిన ధరను చాలావరకు తిరిగి తెచ్చిపెడుతుంది. పేరున్నవానికి అబద్ధం వల్ల కలిగే నష్టాన్ని భరించే శక్తి కొంతైనా ఉంటుంది. పేరులేనివానికి అదీ లేదు. అతనికి సత్యమే మూలధనం.

తిరుపతికి చేరువలోనే ఉన్న శ్రీకాళహస్తిని తలచుకొంటే ఈ మాటలోని తీవ్రత తెలుస్తుంది. అక్కడి కళాకారులు వెదురుపుల్లతో చేసిన కలంతో వస్త్రంపై పురాణగాథలను చిత్రిస్తారు. నూలుబట్టను కరక్కాయ కషాయం, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. రంగు పాకిపోకుండా ఆ పాలు కాపాడుతాయి. బెల్లాన్నీ తుప్పుపట్టిన ఇనుప ముక్కలనూ నీటిలో రోజుల తరబడి పులియబెట్టి నల్లరంగు తయారుచేస్తారు. ఒక్కొక్క రంగుకు మళ్ళీ మళ్ళీ ఉతికి ఆరబెట్టవలసి ఉంటుంది. ఈ కళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయినా అదే బొమ్మను యంత్రంపై అచ్చువేసిన బట్ట చవకగా దొరుకుతున్నది. తెరపై చూసేవానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నెలల శ్రమకూ, నిమిషాల అచ్చుకూ మధ్యనున్న భేదాన్ని చూపగలిగినది ప్రకటనలోని నాలుగు వాక్యాలు మాత్రమే. ఆ వాక్యాలు సరిగా లేకపోతే కళాకారుని శ్రమ అచ్చుబట్ట ధరకు తెగుతుంది. ఇది వాక్యరచనకు సంబంధించిన సమస్య మాత్రమే కాదు. ఒక కుటుంబపు అన్నానికి సంబంధించిన సమస్య.

ఒక వస్త్రాన్ని గూర్చి రెండు ప్రకటనలను ఊహించుకొందాము. మొదటిది ఇలా ఉంటుంది: "అత్యద్భుతమైన, అపురూపమైన, ప్రపంచ ప్రసిద్ధమైన కలంకారీ! ఇటువంటి అవకాశం మళ్ళీ రాదు! త్వరపడండి!" ఇందులో శబ్దమున్నది కాని సమాచారం లేదు. అచ్చుబట్ట అమ్మేవాడు కూడా ఇదే రాయగలడు. రెండవది ఇలా ఉంటుంది: "శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో చేతిగా గీసిన నూలువస్త్రం. పొడవు 2 మీటర్లు, వెడల్పు 110 సెంటీమీటర్లు. నలుపు, ఎరుపు, పసుపు వర్ణాలు. అన్నీ చెట్ల నుండి, ఖనిజాల నుండి తీసిన సహజ వర్ణాలే. చేతిగీత గనుక ఏ రెండు పువ్వులూ అచ్చంగా ఒకేలా ఉండవు. కుడివైపు దిగువ అంచున గోరంత నల్లమరక ఉన్నది. మూడవ చిత్రంలో చూడవచ్చు. విడిగా చన్నీటిలో ఉతికి నీడన ఆరవేయాలి." ఇందులో విశేషణాలు తక్కువ, విశేషాలు ఎక్కువ. రెండు పువ్వులు ఒకేలా ఉండవన్న వాక్యం అచ్చుబట్ట అమ్మేవాడు రాయలేని వాక్యం. మంచి ప్రకటనకు ఇదే గీటురాయి: మన పోటీదారుడు నిజాయితీతో రాయలేని వాక్యం అందులో ఒక్కటైనా ఉండాలి.

ఈ సందర్భంలో పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చుదిమ్మలతో చేసే కలంకారీ కూడా గౌరవించదగిన చేతికళయే. దానిని దాని పేరుతోనే అమ్మాలి. యంత్రపు అచ్చును శ్రీకాళహస్తి పేరుతో అమ్మటం అబద్ధమే కాదు, చట్టవిరుద్ధం కూడా.

ఇక శీర్షిక, చిత్రం, ధర అనే మూడింటిని గూర్చి సంగ్రహంగా చెప్పవలసి ఉన్నది. కొనేవాడు వెదికే మాటలు శీర్షికలో ఉండాలి. "అద్భుతం" అని ఎవరూ వెదకరు. "నూలు", "చేతిగీత", "2 మీటర్లు" అని వెదకుతారు. చిత్రాన్ని పగటి వెలుతురులో తీయాలి. ముందువైపునే కాక వెనుకవైపును, అంచులను, లోపమున్న చోటును చూపాలి. పక్కన ఒక స్కేలు పెడితే పరిమాణం సందేహం లేకుండా తెలుస్తుంది. ఇతరుల చిత్రాన్ని తెచ్చి మన వస్తువుగా చూపటం చౌర్యం. వేలంలో ప్రారంభ ధర చాలా ఎక్కువైతే పాటకు ఎవరూ రారు. తక్కువైతే పదిమంది చేరి పోటీ పెరుగుతుంది. అయితే పోటీకి పదిమంది వస్తారన్న నమ్మకం లేనప్పుడు, మనకు గిట్టే కనీస ధరకంటె తగ్గించి పెట్టటం సాహసమే అవుతుంది. తన మనుషుల చేతనే దొంగపాట పాడించి ధర పెంచటం మాత్రం వేలం ధర్మానికే ద్రోహం.

మన దేశంలో వ్యక్తులు తమ వస్తువులను అంతర్జాలంలో వేలం వేసే పద్ధతి ఒకప్పటివలె లేదు. 2000లో ఆరంభమైన బాజీ అనే సంస్థను 2004లో ఈబే కొన్నది. ఆ భారతీయ విభాగం 2018లో మూతపడింది. నేడు ప్రభుత్వ సంస్థల వస్తువులకు, బ్యాంకులు స్వాధీనం చేసుకొన్న ఆస్తులకు వేలాలు ఎక్కువగా జరుగుతున్నవి. సామాన్యులు నిర్ణీత ధరకో, బేరానికో అమ్ముకొంటున్నారు. వేదిక మారినా వివరించే ధర్మం మారలేదు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాలు కూడా అంతర్జాల విక్రేత ప్రకటన వస్తువు వాస్తవ లక్షణాలకు అనుగుణంగా ఉండాలనీ, విక్రేత తానే వినియోగదారుని వేషంలో పొగడ్తలు రాయరాదనీ నిర్దేశించాయి. కవికి స్వేచ్ఛగా లభించిన అతిశయోక్తి విక్రేతకు నేరం కావచ్చునన్నమాట.

నిజాయితీగా అమ్మేవాడు మోసపోకుండా ఉండటమూ అవసరమే. కొనుగోలుదారునని చెప్పుకొని, "మీకు డబ్బు పంపుతున్నాను, మీ రహస్య సంఖ్య నొక్కండి" అనేవారిని నమ్మరాదు. డబ్బు స్వీకరించటానికి రహస్య సంఖ్యతో పనిలేదు. అది మన ఖాతా నుండి డబ్బు పంపటానికి అవసరం. సొమ్ము ఖాతాలో చేరినదని స్వయంగా చూసుకొన్న తరువాతనే వస్తువును పంపాలి.

భాషాపాఠంలో వ్యాపారం మాటలెందుకని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. మనం భాషను పరీక్షల కోసమే నేర్చుకోవటం లేదు. నేత నేసే తండ్రికి, బొమ్మలు చెక్కే తాతకు, మామిడితాండ్ర చేసే అమ్మకు ఈనాడు కావలసిన సహాయం వారి వస్తువును నాలుగు సరైన వాక్యాల్లో ప్రపంచానికి చెప్పటం. ఆ వాక్యాలు రాయగలిగినది ఇంట్లో చదువుకొంటున్న మీరే. వస్తువును చేతిలోకి తీసుకొని తిప్పి చూడండి. కొలవండి. తూచండి. చేసినవారిని అడిగి తెలుసుకోండి. లోపముంటే దాచకండి. అప్పుడు మీ కలం నుండి వచ్చే స్వభావోక్తి, దూరాన ఉన్న ఒక అపరిచితుని చేతికి ఆ వస్తువును అందించినంత పని చేస్తుంది. వేలంపాటలో గొంతు పెద్దదైనవాడు ఒక్కసారి గెలవవచ్చు. మాట నిజమైనవాని దగ్గరకు మాత్రం కొనేవాడు మళ్ళీ వస్తాడు.